పారిస్‌లో కుర్దిష్ చదువు: దేశం లేని భాషకు 1945 నుంచి పీఠం ఎలా నిలిచింది?

#1 గోదారిగట్టు

అందరికీ నమస్కారం. పశ్చిమాసియా చరిత్ర మీద ఇష్టంతో చదువుకునేవాణ్ణి, పరిశోధకుణ్ణి కాను. 2024లో జోయిస్ బ్లో అనే ఫ్రెంచ్ ప్రొఫెసర్ చనిపోయినప్పుడు ఆమె గురించి చదవడం మొదలుపెట్టాను. 1970 నుంచి 2000 దాకా పారిస్‌లోని ఇనాల్కోలో ఆమె కుర్దిష్ భాష, సాహిత్యం నేర్పారు. ఆమె కంటే ముందు కమురాన్ బదిర్ఖాన్, ఆయన కంటే ముందు రోజే లెస్కో. అంటే 1945 నుంచి అక్కడ ఆ పాఠం సాగుతూనే ఉంది.

కుర్దులకు సొంత దేశం లేదు. 1920 నాటి సేవ్ర్ ఒప్పందంలో వాళ్ల స్వయంపాలన మాట వచ్చింది, 1923 లోజాన్ ఒప్పందంలో ఆ ఊసే లేదు. టర్కీ, ఇరాన్, ఇరాక్, సిరియాల మధ్య చెదిరిపోయారు. మా భాష నేర్పండి అని అడగడానికి ఒక రాయబార కార్యాలయం కూడా లేని జనం. అలాంటి భాషకు యూరప్‌లో ఒక పీఠం ఎవరు పెట్టారు? ఎందుకు పెట్టారు? పెట్టినవాళ్ల అవసరం తీరాక కూడా అది ఎలా నిలిచింది? తెలిసినవాళ్లు కాస్త వివరంగా రాయండి.

#2 పారిస్‌పద్మజ

మంచి టాపిక్ తెచ్చారు గోదారి గారూ. నేను పారిస్‌లోనే ఉంటాను. ఇనాల్కో గురించి ముందు రెండు మాటలు చెబితే మిగతావాళ్లకు సులువుగా ఉంటుంది.

ఫ్రెంచ్ విప్లవ ప్రభుత్వం 1795లో పెట్టిన ప్రాచ్య భాషల బడి ఇది. అరబ్బీ, తుర్కీ, పారశీకం లాంటి వాటితో మొదలైంది. 'ఇనాల్కో' అన్న పేరు 1971 నుంచి వచ్చింది కానీ, ఇక్కడి పాతవాళ్లు ఇప్పటికీ 'లాంగ్ ఓ' అనే అంటారు. చాలాకాలం రూ ద లిల్ వీధిలో ఉండేది. 2011లో పదమూడో వార్డులో కొత్త భవనం వచ్చింది, పక్కనే బ్యూలాక్ అనే పెద్ద లైబ్రరీ. ఇప్పుడు వంద భాషలకు పైగా నేర్పుతారు. అందులో మన తెలుగు కూడా ఉంది. అందుకే నాకు ఈ సంస్థంటే అంత అభిమానం. కుర్దిష్, తెలుగు ఒకే కప్పు కింద నేర్పే చోట్లు ప్రపంచంలో ఎన్నో ఉండవు.

1945లో లెస్కో మొదటి పాఠం చెప్పేనాటికి ఆయన వయసు ముప్పై దాటిందంతే. 1914లో పుట్టారు. సిరియా ఫ్రెంచ్ పాలనలో ఉన్నప్పుడు అక్కడ ఏళ్ల తరబడి ఉండి కుర్దిష్ నేర్చుకున్నారు. 1938లో సిరియా, సింజార్ (ఇరాక్‌లోని కొండప్రాంతం) యజీదీల మీద పుస్తకం వేశారు. యజీదీలంటే ఎక్కువగా కుర్మాంజీ అనే కుర్దిష్ మాండలికం మాట్లాడే ఒక ప్రత్యేక మతంవాళ్లు. తర్వాత 1940, 1942లలో కుర్దిష్ పాఠాలను రెండు సంపుటాలుగా అచ్చు వేయించారు. రెండోదాంట్లో ఉన్నది 'మమే ఆలాన్' అనే జానపద గాథ. పారశీకం నుంచి సాదిక్ హిదాయత్ 'గుడ్డి గుడ్లగూబ'ను ఫ్రెంచిలోకి తెచ్చింది కూడా ఈయనే, కథలు చదివేవాళ్లకు ఆసక్తిగా ఉంటుందని చెబుతున్నా.

#3 సీమకుర్రోడు

పద్మజ గారూ, మీరు చెప్పినదాంట్లోనే జవాబు ఉంది కదా. సిరియా ఫ్రెంచ్ పాలనలో ఉన్నప్పుడు నేర్చుకున్నాడు అన్నారు. 1795 నాటి చట్టంలోనే రాసుకున్నారు, రాజకీయానికి, వ్యాపారానికి పనికొచ్చే భాషలు నేర్పాలని. కొండల్లో ఉండే తెగలను అదుపులో పెట్టుకోవడానికి వాళ్ల భాష కావాలి. అరబ్బు జాతీయవాదులకు పోటీగా మైనారిటీలను దువ్వాలి. లెస్కో తర్వాత దౌత్య ఉద్యోగంలోకి వెళ్లి రాయబారి కూడా అయ్యాడు. దీన్ని భాషా ప్రేమ అని ఎలా అనుకోవాలి? సామ్రాజ్యం పెట్టిన పీఠాన్ని సామ్రాజ్యం పెట్టిన పీఠమనే చెప్పుకుందాం.

#4 ఓరుగల్లు_రవి

సీమ గారూ, మొదలు ఎక్కడుందో మీరు సరిగ్గానే చెప్పారు. కానీ అక్కడితో ఆగితే కథలో కుర్దులే కనబడకుండా పోతారు.

దమాస్కస్‌లో 1932 మే 15న 'హవార్' పత్రిక మొదటి సంచిక వచ్చింది. నడిపింది జలాదత్ బదిర్ఖాన్, కమురాన్‌కు అన్న. ఫ్రెంచ్ అధికారుల అనుమతితోనే వచ్చింది, నిజం. కానీ అందులో ఏం జరిగిందో చూడండి. కుర్మాంజీ మాండలికానికి లాటిన్ లిపిలో 31 అక్షరాల వర్ణమాలను ఖాయం చేశారు. మొదటి 23 సంచికలు అరబ్బీ, లాటిన్ రెండు లిపుల్లోనూ వేశారు. 24వ సంచిక నుంచి లాటిన్ మాత్రమే. 1943లో ఆగేదాకా మొత్తం 57 సంచికలు. ఇవాళ టర్కీలో, సిరియాలో, యూరప్‌లో కుర్మాంజీ రాసే వాళ్లంతా రాసేది ఆ లిపిలోనే. మే 15ను కుర్దిష్ భాషా దినంగా జరుపుకుంటారు.

లెస్కో ఆ పత్రికకు 'తావూస్‌పరేజ్' అనే కలంపేరుతో రాశారు. జలాదత్‌తో కలిసి కుర్మాంజీ వ్యాకరణం మీద పనిచేశారు. జలాదత్ 1951లో పోయారు. లెస్కో ఆ వ్యాకరణాన్ని 1970లో పారిస్‌లో అచ్చు వేయించారు, ఇద్దరి పేర్లతో. మిత్రుడు పోయిన పందొమ్మిదేళ్లకు ఆయన పేరుతో సహా వ్యాకరణం తెచ్చిన మనిషిని ఒట్టి సామ్రాజ్యం మనిషి లెక్కలో వేయడానికి నాకు మనసొప్పదు. ఫ్రెంచివాళ్లకు కుర్దులతో పని ఉంది, బదిర్ఖాన్ అన్నదమ్ములకు ఫ్రెంచివాళ్ల అచ్చు యంత్రంతో పని ఉంది. ఇద్దరిలో ఎవరి పని ఎక్కువ కాలం నిలిచిందో వర్ణమాలే చెబుతోంది.

#5 మాస్టారు_గుంటూరు

రవి బాబూ, చక్కగా రాశావు. పారిస్ దగ్గర మొదలుపెడితే సగం కథే అవుతుందని నేను కొంచెం వెనక్కి వెళ్తాను. మా తరం సోవియట్ పుస్తకాలు తెలుగులో చదువుకుని పెరిగినది కాబట్టి నా చూపు లెనిన్‌గ్రాడ్ (సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు సోవియట్ కాలపు పేరు) వైపు పోతుంది.

యూరప్‌లో అచ్చయిన మొదటి కుర్దిష్ వ్యాకరణం రోమ్‌లో 1787లో వచ్చింది. రాసింది మౌరిజియో గర్జోని అనే డొమినికన్ మిషనరీ. ఇప్పటి ఉత్తర ఇరాక్‌లో అమాదియా అనే కొండమీది ఊళ్లో ఏళ్ల తరబడి ఉండి రాశాడు. తర్వాత ఆ పని రష్యన్ల చేతికొచ్చింది. క్రిమియా యుద్ధంలో ఒట్టోమన్ సైన్యం నుంచి పట్టుబడ్డ కుర్దు సైనికులను రోస్లావ్ల్ అనే ఊళ్లో బందీలుగా ఉంచారు. 1856లో సెయింట్ పీటర్స్‌బర్గ్ అకాడమీ పీటర్ లెర్ఖ్‌ను అక్కడికి పంపింది. ఇంటికి వెళ్తామో లేదో తెలియని మనుషుల నోటి నుంచి కథలు విని రాసుకున్నాడు. సీమ అబ్బాయి చెప్పిన సామ్రాజ్యం ఇక్కడా ఉంది, ఇంకా కఠినంగా ఉంది.

అదే కాలంలో ఎర్జురూంలో రష్యన్ కాన్సుల్‌గా ఉన్న అగస్త్ జాబా ఏం చేశాడంటే, ముల్లా మహ్మూద్ బాయెజీదీ అనే కుర్దు పండితుణ్ణి వెతికి పట్టుకున్నాడు. బాయెజీదీ ఆయన కోసం చేతిరాత ప్రతులు సేకరించాడు, ప్రతులు రాయించాడు, కుర్దుల ఆచారాల మీద స్వయంగా పుస్తకమే రాశాడు. 1860లో జాబా పేరుతో వచ్చిన పుస్తకంలో ఎక్కువ భాగం బాయెజీదీ చేతి పనే. ఆయన రాసిన ఆచారాల పుస్తకం మాస్కోలో 1963 దాకా అచ్చుకు నోచుకోలేదు. వందేళ్లు! ఆ చేతిరాతలు ఇప్పటికీ పీటర్స్‌బర్గ్‌లోనే ఉన్నాయి.

#6 సీమకుర్రోడు

మాస్టారూ, మీరు చెప్పినదాంతో నా మాట ఇంకా గట్టిపడింది. పండితుడు ఒకరు, పేరు ఇంకొకరిది. బాయెజీదీకి జరిగింది అన్యాయం కాదా?

#7 మాస్టారు_గుంటూరు

అన్యాయమే బాబూ. మెత్తగా చెప్పడానికి ఏమీ లేదు. అయితే ఆయన్ని వెలుగులోకి తెచ్చినవాళ్లు కూడా అదే ఊరివాళ్లని చెప్పాలి. మార్గరీటా రుదెంకో అనే లెనిన్‌గ్రాడ్ పరిశోధకురాలు 1961లో ఆ చేతిరాతల జాబితాను ప్రచురించింది. 1962లో అహ్మద్ ఖానీ కావ్యం 'మెమ్ ఊ జీన్'ను మూలంతో, రష్యన్ అనువాదంతో తెచ్చింది. 1963 నాటి బాయెజీదీ పుస్తకం కూడా ఆమె చేసిందే. దాదాపు యాభై ఏళ్లకే పోయింది, 1976లో.

లెనిన్‌గ్రాడ్‌లో 1959లో ప్రాచ్య విద్యా సంస్థలో కుర్దిష్ విభాగం విడిగా ఏర్పడింది. ముందు ఒర్బెలీ నడిపాడు, తర్వాత కనాతె కుర్దో. కుర్దో మీద నాకు ప్రత్యేకమైన గౌరవం. 1909లో కార్స్ ప్రాంతంలో యజీదీ కుటుంబంలో పుట్టాడు, శరణార్థిగా పెరిగాడు, 1928లో లెనిన్‌గ్రాడ్ చదువుకు పంపించారు. 1960లో కుర్దిష్-రష్యన్ నిఘంటువు తెచ్చాడు. బాయెజీదీ లాంటి స్థానిక పండితుడికి దక్కని పీఠం వందేళ్ల తర్వాత ఒక కుర్దుకు దక్కింది. ఆ మార్పు ఎలా వచ్చిందన్నదే ఈ చర్చలో అసలు సంగతి అని నా నమ్మకం.

#8 ఓరుగల్లు_రవి

మాస్టారూ, పారిస్‌లో ఆ మార్పు ఇంకా ముందే వచ్చింది. 1947లో లెస్కో స్థానంలోకి వచ్చింది కమురాన్ బదిర్ఖాన్. కుర్దిష్ నేర్పే బల్ల వెనక్కి ఒక కుర్దు వచ్చాడు, 1970 దాకా ఉన్నాడు.

ఈయన చరిత్రే ఒక నవల. తాతగారు బోటాన్ ఎమీరు బదిర్ఖాన్, 1847లో ఒట్టోమన్లు ఆయన సంస్థానాన్ని కూల్చేశారు. అదే కుటుంబంలోని మిఖ్దాద్ మిధత్ బదిర్ఖాన్ 1898లో కైరో నుంచి 'కుర్దిస్తాన్' అనే మొదటి కుర్దిష్ పత్రిక తెచ్చాడు. కమురాన్ జర్మనీలో లైప్‌జిగ్‌లో లా డాక్టరేట్ చేశాడు. బీరూట్‌లో లాయరుగా ఉంటూ 1943 నుంచి 1946 దాకా 'రోజా నూ' పత్రిక నడిపాడు, రేడియోలో కుర్దిష్ ప్రసారాలు చేశాడు. పారిస్‌కు వచ్చాక పగలు పాఠం, మిగతా టైమంతా రాజకీయం. 1960లలో ఇరాక్ కుర్దుల నాయకుడు ముల్లా ముస్తఫా బర్జానీ ఉద్యమం తరఫున బయటి దేశాల్లో మాట్లాడింది ఈయనే, ఐక్యరాజ్యసమితి దాకా వెళ్లాడు.

#9 గోదారిగట్టు

రవి గారూ, ఇక్కడే నాకొక సందేహం. పాఠం చెప్పే మనిషే ఉద్యమ ప్రతినిధి అయితే ఆ చదువు చదువుగా మిగులుతుందా? పరిశోధన నమ్మదగినదిగా ఉంటుందా? తప్పు పట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవాలని అడుగుతున్నా.

#10 పారిస్‌పద్మజ

మీ ప్రశ్నకు జోయిస్ బ్లో జీవితమే జవాబు అనుకుంటా.

ఆమె 1932లో కైరోలో యూదు కుటుంబంలో పుట్టారు. యవ్వనంలోనే కమ్యూనిస్టు ఉద్యమంలోకి వెళ్లారు, ఈజిప్టు వదిలి రావాల్సి వచ్చింది. ఫ్రాన్స్‌లో ఆంరీ క్యూరియెల్ బృందంతో కలిసి అల్జీరియా స్వాతంత్ర్య పోరాటానికి సాయం చేశారు. ఆ క్యూరియెల్‌ను 1978లో పారిస్‌లో కాల్చి చంపారు. అంటే ఆమె రాజకీయాలకు దూరంగా కూర్చున్న మనిషి ఎప్పుడూ కాదు. కమురాన్ దగ్గర కుర్దిష్ నేర్చుకున్నారు, 1970లో ఆయన కుర్చీలోకి వచ్చారు.

ఇప్పుడు ఆమె చేసిన పని చూడండి. 1965లో కుర్దిష్-ఫ్రెంచ్-ఇంగ్లిష్ నిఘంటువు. 1975లో అమాదియా, సింజార్ మాండలికాల మీద పుస్తకం. మాస్టారు చెప్పిన గర్జోని ఉన్న అమాదియాయే! దాదాపు రెండొందల ఏళ్ల తర్వాత అదే ఊరి మాటను ఇంకొకరు శాస్త్రీయంగా రాశారు. 1980లో సొరానీ (కుర్దిష్‌లో కుర్మాంజీ కాక ఇంకో పెద్ద మాండలికం) మాన్యువల్, 1999లో వైసీ బరాక్‌తో కలిసి కుర్మాంజీ మాన్యువల్. వాటిలో నినాదాలు ఉండవు. వాక్య నిర్మాణం, క్రియారూపాలు, చదువుకోవడానికి పాఠాలు ఉంటాయి. కుర్దుల మీద ప్రేమ లేకపోతే ఆ పనికి పూనుకునేవారే కాదు, పూనుకున్నాక క్రియారూపం ఏ పార్టీ మాటా వినదు.

#11 సీమకుర్రోడు

పద్మజ గారూ, బ్లో గారి గురించి మీరు రాసింది చదివాక ఒకటి ఒప్పుకోవాలి, ఆమెది సామ్రాజ్యం పని కాదు. అయినా అడుగుతాను. నిఘంటువుకు రాజకీయం లేదంటే ఎలా? ఏ మాండలికానికి ముందు మాన్యువల్ వస్తే దానికి బలం వస్తుంది. 1980కి సొరానీ, 1999కి కుర్మాంజీ. మధ్యలో పందొమ్మిదేళ్లు కుర్మాంజీ పిల్లలు ఏం చదువుకున్నారు?

#12 ఓరుగల్లు_రవి

మంచి పాయింట్. దీనికి కారణం పారిస్‌లో లేదు, బాగ్దాద్‌లో, అంకారాలో ఉంది.

సొరానీ ఇరాక్‌లో బడుల్లో, పత్రికల్లో వాడుకలో ఉన్న భాష. సులేమానియాలో 1968లోనే విశ్వవిద్యాలయం వచ్చింది. అరబ్బీ ఆధారిత లిపి, స్థిరపడిన గద్యం, అచ్చు పుస్తకాలు ఉన్నాయి. విద్యార్థికి చదవడానికి సామగ్రి దొరుకుతుంది. కుర్మాంజీ మాట్లాడేవాళ్లు సంఖ్యలో ఎక్కువ, కానీ వాళ్లలో అత్యధికులు ఉన్నది టర్కీలో. అక్కడ 1983లో 2932 నంబరు చట్టం వచ్చింది, టర్కీ పౌరుల మాతృభాష తుర్కీయే అని రాసి, కుర్దిష్‌లో ప్రచురణను నేరం చేసింది. 1991లో రద్దయింది. తుర్కీ వర్ణమాలలో లేని క్యూ, డబ్ల్యూ, ఎక్స్ అక్షరాలు కుర్దిష్‌కు కావాలి, వాటి వాడకం మీద ఆంక్షలు తొలగిస్తామని ప్రభుత్వం ప్రకటించింది 2013లో. కుర్దుల మీద రాసినందుకు ఇస్మాయిల్ బెషిక్చి అనే తుర్కు సామాజిక శాస్త్రవేత్త పదిహేడేళ్లు జైల్లో గడిపాడు. తుర్కువాడికే అంత శిక్ష పడితే కుర్దు పిల్లవాడు పీహెచ్‌డీ ఎక్కడ చేస్తాడు?

క్లాసులో తేడా ఎలా ఉంటుందో ఒక ఉదాహరణ. కుర్మాంజీలో 'ఎజ్ నాన్ దిఖ్విమ్' అంటే నేను రొట్టె తింటున్నాను. తిన్నాను అనాలంటే 'మిన్ నాన్ ఖ్వార్'. 'ఎజ్' పోయి 'మిన్' వచ్చింది, క్రియ కర్తతో కాకుండా కర్మతో పొంతన పెట్టుకుంటుంది. ఆపిల్స్ తింటే 'మిన్ సేవ్ ఖ్వారిన్', క్రియ బహువచనం అయింది. హిందీలో 'మైనే రోటీ ఖాయీ' తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. కుర్మాంజీలో నామవాచకాలకు లింగం ఉంది, సొరానీలో లేదు. లిపి వేరు, వ్యాకరణం వేరు. ఒకటి వస్తే రెండోది దానంతట అదే రాదు. అందుకే ఒకే పుస్తకంతో రెండూ నేర్పడం కుదరదు.

#13 స్టాక్‌హోమ్_లక్ష్మి

చాలా రోజులకు ఇక్కడ ఇంత మంచి చర్చ చూస్తున్నా. ఆ పందొమ్మిదేళ్లలో కుర్మాంజీకి ఏమైందని సీమ తమ్ముడు అడిగాడు కదా, దానికి మా ఊరి నుంచి జవాబు ఉంది.

స్వీడన్‌లో 1977లో ఇంటిభాష సంస్కరణ వచ్చింది. వలస వచ్చిన పిల్లలకు బడిలో మాతృభాష నేర్పడం మునిసిపాలిటీల బాధ్యత అయింది. టర్కీలో 1980 సైనిక తిరుగుబాటు తర్వాత వేలమంది కుర్దులు యూరప్ చేరారు, వాళ్లలో రచయితలు, టీచర్లు చాలామంది స్వీడన్‌కు వచ్చారు. పిల్లలకు పాఠం చెప్పాలంటే వాచకం కావాలి, వాచకం రాయాలంటే టీచరు కావాలి, టీచరుకు ట్రైనింగ్ కావాలి. స్వీడిష్ ప్రభుత్వం పుస్తక ప్రచురణకు సాయం ఇచ్చింది. మెహ్మెద్ ఉజూన్ 1977లో ఇక్కడికి వచ్చి, 1985లో 'తు' అనే కుర్మాంజీ నవల వేశాడు. టర్కీలో అచ్చు వేయలేని పుస్తకాలు స్టాక్‌హోమ్‌లో అచ్చయ్యాయి. 1997లో ఇక్కడ కుర్దిష్ గ్రంథాలయం వచ్చింది.

మా అమ్మాయి తెలుగు కూడా ఇదే మాతృభాష పద్ధతిలో నేర్చుకుంది. వారానికి ఒక గంట. అందుకే చెబుతున్నా, విశ్వవిద్యాలయం పైన ఉంటే చాలదు, కింద బడి ఉండాలి. పారిస్‌లో ప్రొఫెసర్ ఉన్నారు, స్వీడన్‌లో పిల్లలు ఉన్నారు. ఈ రెండూ కలిసినప్పుడే భాషకు ఊపిరి ఆడింది.

#14 పారిస్‌పద్మజ

లక్ష్మి గారూ, ఆ రెండూ కలిసిన చోటు కూడా ఒకటుంది. 1983 ఫిబ్రవరిలో పారిస్‌లో కుర్దిష్ ఇన్‌స్టిట్యూట్ పెట్టారు. సినిమా దర్శకుడు యిల్మాజ్ గునే, కవి జగర్‌ఖ్విన్ లాంటి వాళ్లు స్థాపకుల్లో ఉన్నారు, బ్లో కూడా ఉన్నారు. అప్పటి నుంచి కెందాల్ నెజాన్ నడుపుతున్నారు. ఇది విశ్వవిద్యాలయం కాదు, కానీ ఇనాల్కోకు పక్కన నిలబడ్డ రెండో స్తంభం. లైబ్రరీ పోగుచేశారు. 1987 నుంచి 'కుర్మాంజీ' అనే భాషా పత్రిక తెస్తున్నారు. వేర్వేరు ప్రాంతాల నుంచి వచ్చిన రచయితలు, భాషావేత్తలు కూర్చుని పదజాలం తేల్చుకుని అందులో వేస్తారు. ఒకరు బోటాన్ వాళ్లు, ఒకరు సెర్హద్ వాళ్లు, ఒకే వస్తువుకు నాలుగు మాటలుంటాయి. ఏ మంత్రిత్వ శాఖా లేని భాషకు అకాడమీ పని అలా జరిగింది. 1993లో ఫ్రెంచ్ ప్రభుత్వం దాన్ని ప్రజా ప్రయోజన సంస్థగా గుర్తించింది.

2000లో బ్లో రిటైరయ్యాక ఇనాల్కోలో హల్కౌత్ హకీమ్ కుర్దిష్ విభాగాన్ని చూసుకున్నారు. ఆయన ఇరాక్ కుర్దు. మాస్టారు చెప్పిన లెక్కలో చూస్తే మళ్లీ ఆ బల్ల వెనక కుర్దు.

#15 గోదారిగట్టు

ఇప్పుడు నాకు బొమ్మ కడుతోంది. ఫ్రాన్స్, రష్యా అయ్యాయి. ఇంగ్లండ్ మాటేమిటి? ఇరాక్‌ను ఏలింది వాళ్లే కదా.

#16 ఓరుగల్లు_రవి

లండన్‌లో సోయాస్ అనే ప్రాచ్య, ఆఫ్రికా అధ్యయన సంస్థలో పాత పని ఉంది. ఇరాక్‌లో పాలనాధికారిగా చేసిన సి.జె. ఎడ్మండ్స్ 1950లలో అక్కడ కుర్దిష్ నేర్పారు. ఇరాక్ కుర్దు పండితుడు తౌఫీక్ వహ్బీతో కలిసి ఆయన చేసిన కుర్దిష్-ఇంగ్లిష్ నిఘంటువు 1966లో వచ్చింది. డి.ఎన్. మెకంజీ మాండలికాల అధ్యయనం 1961-62 నాటిది, భాషాశాస్త్రం వాళ్లం ఇప్పటికీ దాన్నే తెరుస్తాం.

కొత్త తరహాది ఎక్సెటర్ విశ్వవిద్యాలయం. అక్కడ 2006లో కుర్దిష్ అధ్యయన కేంద్రం పెట్టారు, భాషతో పాటు రాజకీయ శాస్త్రానికి కూడా పెద్ద పీట. అక్కడి ప్రొఫెసర్ పదవికి ఇబ్రహీం అహ్మద్ పేరు పెట్టారు, అందులో యజీదీ మౌఖిక సాహిత్యం మీద పనిచేసిన క్రిస్టీన్ ఆలిసన్ వచ్చారు. ఇబ్రహీం అహ్మద్ నవలాకారుడు, రాజకీయ నాయకుడు, 2000లో చనిపోయాడు. ఆయన అల్లుడు జలాల్ తలబానీ 2005లో ఇరాక్ అధ్యక్షుడయ్యాడు. అదే ఏడాది కొత్త రాజ్యాంగంలో అరబ్బీతో పాటు కుర్దిష్ అధికార భాష అయింది. ఈ తేదీలు పక్కపక్కన పెట్టి చూడండి. ఇరాక్‌లో కుర్దులకు సొంత ప్రభుత్వం, ఆదాయం వచ్చాక యూరప్‌లో కుర్దిష్ చదువుకు ఊపు రావడం సహజం.

#17 సీమకుర్రోడు

నాకు టెన్షన్ పెట్టేది సరిగ్గా ఇదే రవన్నా. 1945లో ఫ్రెంచ్ విదేశాంగ అవసరం. 2006 తర్వాత ఎర్బిల్, సులేమానియా పార్టీల పలుకుబడి. ఎవరి చెయ్యి పైన ఉంటే వాళ్లను విమర్శించే థీసిస్ ఎవరు రాస్తారు? ఇరాక్ కుర్దిస్తాన్‌లో జర్నలిస్టులను జైల్లో పెట్టారు కదా, దాని మీద కూడా ఆ విభాగాల్లో అంతే గట్టిగా పని జరగాలి. లేకపోతే దొర మారాడంతే.

#18 మాస్టారు_గుంటూరు

నీ పట్టుదల నాకు నచ్చింది బాబూ, వదలకు. కానీ ఒక తేడా గమనించు. ఇనాల్కో పీఠం జీతం ఫ్రెంచ్ ఖజానాది. 1946లో ఫ్రెంచివాళ్లు సిరియా వదిలేశారు. నువ్వు చెప్పిన అవసరం పీఠం పెట్టిన ఏడాదికే తీరిపోయింది! అయినా పాఠం ఆగలేదు. 1947లో కమురాన్‌ను తీసుకున్నారు, ఇరవై మూడేళ్లు ఉంచారు. ఒకసారి ప్రభుత్వ విద్యా సంస్థలో పోస్టు అంటూ ఏర్పడితే దాన్ని తీసేయడానికి కూడా కారణం చూపించాలి. ఆ స్థిరత్వమే భాషను కాపాడింది. చందాలతో, విరాళాలతో నడిచే కేంద్రానికి ఆ ధైర్యం ఉండదు. అందుకే చిన్న భాషలకు కావలసింది పర్మనెంట్ పోస్టు అని నేనంటాను. సెమినార్లు, సావనీర్లు తర్వాత.

లెనిన్‌గ్రాడ్‌లో కూడా అదే చూశాం. అక్కడి విశ్వవిద్యాలయంలో నికితా గూరోవ్ మన తెలుగు నేర్పారు. ఆయనకు ఉద్యోగం ఉంది కాబట్టి విద్యార్థులు వచ్చారు.

#19 స్టాక్‌హోమ్_లక్ష్మి

మాస్టారి మాటకు నా పూర్తి మద్దతు. ఇంకో సంగతి కూడా కలపండి. టర్కీలోనే మార్దిన్ అర్తుక్లూ విశ్వవిద్యాలయంలో జీవభాషల సంస్థ పేరుతో కుర్దిష్ పీజీ కోర్సు మొదలైంది. 2012 నుంచి బడుల్లో ఐచ్ఛికంగా తీసుకునే వీలు వచ్చింది. అంతా సర్దుకుంటోంది అనుకున్నారు. 2016 జనవరిలో కుర్దు పట్టణాల్లో సైనిక చర్యలు ఆపమని 1,128 మంది అధ్యాపకులు సంతకాలతో పిలుపు ఇచ్చారు. చాలామంది మీద కేసులు పెట్టారు, ఆ జులై తిరుగుబాటు ప్రయత్నం తర్వాత అత్యవసర ఉత్తర్వులతో వందలమందిని ఉద్యోగాల నుంచి తీసేశారు. కొందరు మళ్లీ యూరప్‌కే వచ్చారు. 1932లో దమాస్కస్, 1947లో పారిస్, 1980లలో స్టాక్‌హోమ్, ఇప్పుడు జర్మనీ. యూరప్ విశ్వవిద్యాలయాల్లో ఈ చదువు ఎదిగిన ప్రతిసారీ వెనక ఎవరో ఇల్లు వదిలి వచ్చారు. నాకు అది చదివి సంతోషించాలో బాధపడాలో తెలియదు, కానీ వచ్చినవాళ్లకు కుర్చీ వేసిన చోట్లంటే గౌరవం ఉంది.

#20 సీమకుర్రోడు

మాస్టారు చెప్పిన 1946 పాయింట్ బలమైనది, తీసుకుంటున్నా. చివరిగా ఒక ప్రశ్న. ఇంతసేపూ కుర్మాంజీ, సొరానీ మాత్రమే వచ్చాయి. జాజా, గోరానీ మాట్లాడేవాళ్ల సంగతేంటి? కుర్దిష్ పీఠంలో వాళ్లకు చోటుందా?

#21 ఓరుగల్లు_రవి

భాషాశాస్త్రంలో చాలామంది జాజా, గోరానీలను కుర్దిష్ శాఖలో కాకుండా ఇరానీ భాషల్లో విడిగా లెక్కిస్తారు. మాట్లాడేవాళ్లలో చాలామంది మాత్రం మేం కుర్దులమే అంటారు. మేం వేరు అనే జాజాలూ ఉన్నారు. రెండు లెక్కల్లో ఏది వాడుతున్నామో ముందే చెప్పి మాట్లాడితే తగాదా సగం తగ్గుతుంది. మాండలిక చెట్టు గీయడానికి మెకంజీ పనికొస్తాడు, ఎవరు ఎవరో చెప్పడానికి కాదు.

పని జరగలేదని అనలేం. జర్మన్ పండితుడు ఓస్కర్ మన్ 1900ల మొదట్లో తిరిగి సేకరించిన జాజా సామగ్రిని కార్ల్ హదాంక్ 1932లో ప్రచురించాడు. 1996లో స్వీడన్‌లో 'వాతే' అనే బృందం కూడి జాజా రాతపద్ధతిని తేల్చుకోవడం మొదలుపెట్టింది, మరుసటి ఏడాది నుంచి పత్రిక తెచ్చింది. ఇది ఏ ప్రొఫెసరూ చెప్పి చేయించింది కాదు, మాట్లాడేవాళ్లే కూర్చుని చేసుకున్నారు.

#22 మాస్టారు_గుంటూరు

దానికి ఒక చేర్పు. లెర్ఖ్ రోస్లావ్ల్‌లో రాసుకున్న బందీల కథల్లో కుర్మాంజీ ఒక్కటే లేదు, జాజా కూడా ఉంది. అచ్చులోకి వచ్చిన తొలి జాజా పాఠాల్లో అవి ఉన్నాయి. సీమ బాబూ, నువ్వు వెతుకుతున్నవాళ్లు మొదటి పుస్తకంలోనే ఉన్నారు, ఆ తర్వాతి పుస్తకాల్లోనే వెనక్కిపోయారు. నీకు ఓపిక ఉంటే 1856 నుంచి 1996 దాకా జాజా మీద ఎవరెవరు పనిచేశారో విడిగా ఒక చర్చ మొదలుపెట్టు, నాకు తెలిసింది నేను రాస్తాను.

#23 సీమకుర్రోడు

తప్పకుండా మాస్టారూ. ఈ ఆదివారం పెడతా. పద్మజ గారూ, బ్యూలాక్‌లో లెర్ఖ్ పుస్తకం ఉందేమో కాస్త చూసి పెడతారా?

#24 పారిస్‌పద్మజ

శనివారం వెళ్తున్నా. కేటలాగ్‌లో ముందు చూసి, దొరికితే జాజా కథలు ఏ పేజీల్లో ఉన్నాయో రాసుకొస్తాను.